ఓరుగల్లు: వెలుపలి గోడనుండి లోనికి

వియెన్నా నగరమును చూడబోయిన యాత్రికుడు మొదట షోన్‌బ్రున్ రాజప్రాసాదమును, దాని వెనుక తీర్చిదిద్దిన ఉద్యానములను దర్శించి, పిదప నగరమధ్యమును చుట్టివచ్చు విశాలమైన రింగు వీథిని పట్టుకొని నడచును. ఆ వీథి యున్న తావున ఒకప్పుడు కోటగోడ యుండెను. 1857లో ఫ్రాన్జ్ జోసెఫ్ చక్రవర్తి యాజ్ఞ వెలువడగా ఆ గోడను కూల్చి, దాని ముందరి బయలున నాటకశాలలను, ప్రదర్శనశాలలను, పూదోటలను నిర్మించిరి. అచ్చట రాజభవనములు నిలిచినవి, కోట పోయినది. మన ఓరుగంటి చరిత్ర దీనికి విపర్యస్తముగ నడచినది. కాకతీయుల కొలువుకూటములలో గాని, అంతఃపురములలో గాని ఒక్కటియు నేడు గోడలతో, కప్పుతో నిలిచి లేదు; కాని వానిని కాచుటకై పోసిన మట్టికట్టయు, పేర్చిన రాతిగోడయు, త్రవ్విన అగడ్తయు, ఆ రాజ్యమునకు నీరొసగిన చెరువులును ఏడువందల యేండ్ల యెండవానలకు, ముట్టడులకు, రాజ్యముల మార్పులకు ఓర్చి నేటికిని మన కన్నులయెదుట నున్నవి.

కావున ఈ రాజధానిని చూచు క్రమము వేరుగ నుండవలెను. హైదరాబాదునుండి ఉదయమున బయలుదేరి, నూటనలుబది కిలోమీటర్లకు పైబడిన దారిని గడచి, తిన్నగ కోట నడిమికి పోయి, కీర్తితోరణము ముందర నిలువబడి ఫోటో తీయించుకొని, వేయిస్తంభముల గుడిని కన్నులతో తాకి, సాయంకాలమునకు ఇల్లు చేరువారు పెక్కుమంది. వారు తోరణమును చూతురు గాని ఓరుగల్లును చూడరు. ఈ నగరము వెలుపలినుండి లోనికి, ఒక యావరణము దాటి మరియొక యావరణముగ, కాలినడకను చూడదగినది. దానిని కట్టినవారి యూహయు అదియే: మట్టి, నీరు, రాయి, అన్నిటికి నడుమ కులదైవమైన స్వయంభూదేవుని కోవెల.

ఈ త్రోవను తెలుగు కవి యొకడు ఎన్నడో చూపియున్నాడు. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామమునందు (దీనిని శ్రీనాథుని కృతి యని వాదించిన పండితులును కలరు) గోవింద మంచనశర్మయు, అతని చెలికాడు టిట్టిభసెట్టియు కాకతీయ ప్రతాపరుద్రుని కాలపు ఓరుగంటి వీథులవెంట ఒక దినమెల్ల తిరుగుదురు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మాతృక. ఆ మిత్రు లిరువురును రాజసభకు పోయి చేతులు జోడించి నిలుచువారు కారు. పూటకూటి యింట ఒక్క రూకకు ఎంతటి కమ్మని భోజనము దొరకునో చెప్పుకొందురు, జక్కుల పురంధ్రి పాట విందురు, పలనాటి వీరుల కథ సాగుచోట నాగుదురు, ఏకవీరాదేవికి మ్రొక్కుదురు, కోడిపందెములను, పొట్టేళ్ళ పోరును చూతురు, మాచల్దేవి చిత్రశాలా ప్రవేశోత్సవమును ముచ్చటింతురు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదివినవారికి, కాకతీయుల నాటి జనజీవనమును పునర్నిర్మించుటలో వారు ఈ చిన్న వీథినాటకమును ఎంతగ ఆశ్రయించిరో తెలియును. ఓరుగల్లుకు పోవువారు ఈ కావ్యమును ఒకసారి చదివి పోవుదురుగాక యని నా కోరిక; చదివిన పిమ్మట ఖాళీగ నున్న పొలములలోను జనసమ్మర్దము వినవచ్చును.

కోట మూడు ప్రాకారములది. అన్నిటికంటె వెలుపలిది పండ్రెండు కిలోమీటర్లకు పైబడిన వ్యాసముగల మట్టికట్ట. దాని జాడలు నేడు పొలములలోను, కాలనీల వెనుకను తెగి తెగి కనబడును. దానికి లోపల, సుమారు రెండుంబావు, రెండున్నర కిలోమీటర్ల వ్యాసముతో, అగడ్త చుట్టిన రెండవ మట్టికోట. దానికిని లోపల, ఒకటింబావు కిలోమీటరు వ్యాసముతో, గ్రానైటు రాళ్ళకోట. అనుమకొండనుండి రాజధానిని ఇచ్చటికి మార్చు యత్నము కాకతీయ రుద్రదేవుని నాడే యంకురించినను, 1199లో సింహాసనమెక్కి అరువదేండ్లకు పైగ నేలిన గణపతిదేవుని కాలమున నగరము రూపుకట్టినది. రాతిగోడ యెత్తు పెంచి, దాని వెలుపల మట్టికోటను వేయించిన ఖ్యాతి ఆతని కూతురు రుద్రమదేవిది.

మట్టిగోడ యని దీనిని చులకనగ చూచువారు దాని పనిని ఎరుగనివారు. యంత్రములతో విసరిన రాతిగుండు తగిలినచో రాతిగోడ బీటలు వారును. దిట్టముగ దిమ్మిస వేసిన మట్టికట్ట ఆ దెబ్బను తనలోనే ఇముడ్చుకొనును. 1310లో మాలిక్ కాఫూర్ ఢిల్లీ సేనలతో వచ్చి కోటను ముట్టడించినప్పుడు ఈ కట్టయే మొదటి యడ్డంకి యైనది. ఆ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో, తన ఖజాయినుల్ ఫుతూహ్ అను గ్రంథమున, ఈ మట్టిగోడ ఉక్కు బల్లెమునకు సైతము లొంగలేదని వ్రాసెను. శత్రువుల యాస్థానకవియే యట్లు మెచ్చిన పిమ్మట వేరొక సాక్ష్యము అక్కరలేదు. చివరకు కట్టను దాటి, రాతికోట అగడ్తను పూడ్చు పని మొదలిడినప్పుడు గాని ప్రతాపరుద్రుడు సంధికి ఒడబడలేదు.

అట్టి కట్ట నేడు ఎట్లున్నదో చూడుడు. కొన్ని తావుల దానిమీద చెట్లు మొలచి, చూపరులకు సహజమైన గుట్టవలె తోచును. కొన్ని తావుల రోడ్డు వేయుటకై దానిని నిలువున కోసిరి. మరికొన్ని తావుల ఇండ్లు దాని వాలును కొంచెము కొంచెముగ త్రవ్వుకొనుచు పోవుచున్నవి. తోరణమునకు కంచె కలదు, కావలి కలదు, రాత్రివేళ దీపములు కలవు. ఆ తోరణమును కాచిన మట్టికి ఏ కావలియు చాలినంత లేదు. శిల్పములేని కట్టడము కట్టడము కాదను భావము మన మనస్సులలో పాతుకొనియున్నది. నా దృష్టిలో ఓరుగంటి అద్భుతములలో మొదటిది ఈ మట్టికోటయే. పేరులేని వేలమంది కూలీలు గంపలతో మోసి, నీరు చల్లి, అణచి నిలిపిన ఈ వలయమును కోల్పోయినచో లోపలి శిల్పములు ఎవరి రాజధానిలోనివో చెప్పు సాక్షి మిగులదు. ఉదయపు ఎండ ముదరకముందే ఈ కట్టనెక్కి, ఒక్క అరగంట దాని వెన్నుమీద నడువుడు. ఒకవైపు అగడ్తలోని నీరు, జమ్ము, కొంగలు, మరియొకవైపు దూరమున రాతిగోడ బురుజులు కనబడి, నగరపు నిర్మాణము పటములేకయే బోధపడును.

రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు. వానిలో ఏ ద్వారమును తిన్నగ లోనికి కొనిపోదు. వెలుపలి ముఖద్వారమున ప్రవేశించినవాడు ఎత్తైన గోడల నడుమ చిక్కి, ఒకసారి ప్రక్కకు మలగి, మరల మలగినగాని లోపలి వాకిలిని కానడు. ఆ మలుపులలో ఏనుగులతో తలుపులు డీకొట్టించుటకు పరుగు చాలదు, పైనున్నవారి బాణములకు మరుగు దొరకదు. సున్నము లేకయే ఒండొంటిమీద కూర్చిన ఆ రాళ్ళను దగ్గరనుండి చూచినచో, బండను చీల్చుటకు మేకులు దిగగొట్టిన గుంటలు వరుసగ నేటికిని కనబడును. గోడకు లోపలివైపున పొడుగునను మెట్లున్నవి. ఎచ్చట ఆపద వచ్చినను భటులు అచ్చటనే పైకి ఎగబ్రాకుటకు అనువుగ వానిని అమర్చిరి. నలుబదియైదు బురుజులు నేడు లెక్కకు వచ్చుచున్నవి. డెబ్బదియేడు బురుజులను డెబ్బదియేడుగురు నాయకులు కాచిరని జనశ్రుతి.

ద్వారము దాటగనే పాడుపడిన కోటలోనికి వచ్చితి మనుకొన్నవారికి ఎదురగునది ఒక ఊరు. దీనిని జనులు ఖిల్లా వరంగల్ అందురు. బడి, కిరాణా కొట్టు, ఆరవేసిన ధాన్యము, మలుపుల నడుమ హారను మ్రోగించుచు దూరివచ్చు ఆటోలు. వీనిమధ్య ఇంటి అరుగుగ మారిన ఒక శిల్పస్తంభము, పొలముగట్టున సగము పాతుకొన్న నంది. ఐరోపా రాజధానులలో ప్రాచీన దుర్గములు పెక్కు వస్తుప్రదర్శనశాలలుగ మారినవి, సాయంకాలమైనచో తాళములు పడును. ఇచ్చట కోటలో దీపము పెట్టువారున్నారు. ఊరివారు ఉండుటచే కట్టడములు చెడునని కొందరు తలంచెదరు. ఊరివారు ఉండుటచేతనే కోట ఇంకను కోటగ నున్నదని నేను నమ్ముదును, వారితో కలిసి కాపాడిన కాపుదలయే కాపుదల.

కోట నడిమి బయలున నాలుగు దిక్కుల నాలుగు తోరణములు నిలుచును. ముప్పది యడుగులకు పైబడిన యెత్తు; నిడుపైన కంబములు, వానినుండి వెలికి సాగిన బోదెలు, మీద అడ్డకమ్మి, దాని చివరల హంసలు, క్రింద వ్రేలాడు తామర మొగ్గలు, చిత్రమైన లతలు. రెండువేల యేండ్లనాటి సాంచీ స్తూపపు తోరణములను చూచినవారికి ఇవి వాని వంశమున పుట్టినవని వెంటనే తోచును. కాని సాంచీ తోరణములు జాతకకథలతో క్రిక్కిరిసియుండగా, ఓరుగంటి తోరణములమీద ఒక్క దేవతాప్రతిమయు లేదు. 1323లో ఉలుఘ్ ఖాన్, అనగా పిమ్మట ఢిల్లీ సుల్తానైన ముహమ్మద్ బిన్ తుఘ్లక్, కోటను పట్టుకొన్న పిదప స్వయంభూదేవాలయము నేలమట్టమైనను, దాని నాలుగు వాకిళ్ళు మాత్రము నిలిచియుండుటకు ఈ ప్రతిమాశూన్యతయే కారణమని పండితుల యూహ. గుడి లేదు, గుడి వాకిళ్ళున్నవి. నడుమ నిలిచి చుట్టును చూచినచో, విరిగిన స్తంభములు, బోదెలు, ద్వారబంధములు, కప్పుపలకలు వందలకొలది వరుసలు తీర్చియున్నవి. వానిలో సింహమునెక్కి ఖడ్గము ధరించిన స్త్రీమూర్తిని వెదకి చూడుడు. ఆమె రుద్రమదేవియే యని చెప్పుదురు. 1289లో ఆమె మరణించిన సంగతి నల్లగొండ ప్రాంతమున చందుపట్ల శాసనమువలన మనకు తెలిసినది. ఓరుగంటిలో ఆమెను స్మరించుటకు ఈ రాతిపలకకంటె తగిన తావు లేదు.

2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పుడు ఈ తోరణము చార్మినారుతో కూడ రాష్ట్రచిహ్నమునకు ఎక్కినది. కాగితముమీద ఒక్కటిగ కనబడు ఈ తోరణము నిజమునకు నాలుగింటిలో ఒకటి యను సంగతిని ఇచ్చటికి వచ్చిన పిల్లలకు తప్పక చూపవలెను.

తోరణములకు పడమర దిక్కున, కొలదిదూరమున, ఖుష్ మహల్ కలదు. కోటలో కప్పుతో నిలిచిన రాజసభ ఇది యొక్కటే. కాని కాకతీయులది కాదు. ఏటవాలుగ లోనికి వంగిన దట్టమైన గోడలు, వరుసగ సాగిన కమానులు, మాండూలోని హిందోళా మహలును జ్ఞప్తికి తెచ్చు గాంభీర్యము దీనివి. 1504లో ఓరుగల్లును ఏలుచున్న షితాబ్ ఖాన్, అనగా సీతాపతి, దీనిని కట్టించెనని వాడుక; నిర్మాణరీతిని పరిశీలించినవారు దీనిని తుఘ్లకుల కాలమునకు, నగరము సుల్తాన్‌పూరను పేర పిలువబడిన దినములకు చేర్చుచున్నారు. లోన నిలిచినప్పుడు కలుగు చల్లదనమును, పై యెత్తును అనుభవించి, దీనిని పరాయి కట్టడముగ త్రోసివేయక, ఓరుగంటి చరిత్రలో ఒక ప్రకరణముగ చదువుటయే న్యాయము. పట్టుబడిన ప్రతాపరుద్రుడు ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదాతీరమున ప్రాణములు విడిచెనని ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. పదునైదేండ్లు గడువకముందే కాపయనాయకుడు ఓరుగల్లును మరల వశపరచుకొనెను. ఈ రెండు సంగతులకును నడుమ కాలపు రాజనీతి ఎట్లుండెనో ఈ యేటవాలు గోడలు చెప్పగలవు.

కోటనుండి అనుమకొండకు వచ్చుట కాలమున వెనుకకు వచ్చుట. రుద్రదేవుడు 1163లో ప్రతిష్ఠించిన రుద్రేశ్వరాలయమును లోకము వేయిస్తంభముల గుడిగ ఎరుగును. శివునకు, వాసుదేవునకు, సూర్యునకు మూడు గర్భగృహములు. వానికి ఉమ్మడిగ ఒక రంగమండపము. నాలుగవ దిక్కున నున్నని నల్లరాతి నంది. శైవ వైష్ణవ సౌరములను ఒక్క కప్పుక్రింద కూర్చిన ఈ త్రికూటము, చాళుక్యుల సామంతత్వమును వదలి స్వతంత్రుడైన రాజు మొదటి మాటగ కట్టినది. అచింతేంద్రకవి రచించిన సంస్కృతశాసనమున ఆతని విజయములు గుడి ప్రాంగణముననే చెక్కియున్నవి. స్తంభముల మెరుగు ఎంతటిదనగ, ఎనిమిదిన్నర శతాబ్దములు కడచినను, ఎదుట నిలిచినవాని నీడ వానిలో తేలును. దక్షిణపు కల్యాణమండపము కుంగుచుండుటచే 2006లో దానిని రాయి వెంట రాయిగ విప్పి, ఇసుక పునాదిని మరల వేసి, ఏండ్లతరబడి శ్రమించి, 2024 మహాశివరాత్రినాడు భక్తులకు తెరచిరి. ఈ జాప్యమును నిందించినవారు పెక్కుమంది. ఒక తరము పిల్లలు ఆ మండపమును గుర్తువేసిన రాళ్ళ కుప్పగనే ఎరిగి పెరిగిన మాట నిజము. అయినను విప్పిన స్తంభమును దాని పూర్వస్థానముననే నిలుపు విద్య మనవారి చేతులలో నున్నదని తెలియుట చిన్న సంగతి కాదు.

ఇక ఉద్యానముల మాట. ఖుస్రో గ్రంథముననే, అనుమకొండ గుట్ట చేజిక్కినచో ఓరుగంటి భవనములు, తోటలు అన్నియు అచ్చటినుండి కనబడునని యుద్ధనీతిగ చెప్పిన సంగతి కలదు. భవనములతోపాటు ఆ తోటలును పోయినవి. కాని పద్మాక్షి గుట్టనెక్కి చూచినచో కన్ను తోట కొరకు వెదకదు. ఆ గుట్ట మొదట జైనులది. 1117 నాటి శాసనము ఇచ్చటి కడలాలయ బసదిని పేర్కొనును, బండలపై తీర్థంకరుల మూర్తులు నేటికిని కలవు. నేడు ఆశ్వయుజ మాసమున ఓరుగంటి ఆడపడుచులు తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మలను ఆ గుట్ట పాదమునగల గుండమున సాగనంపుదురు. గుట్టమీదినుండి చూపు సాగినంతవరకు నీళ్ళు మెరయుచుండును. భద్రకాళి చెరువు కట్టమీద సాయంకాలము నడుచువారికి, అమ్మవారి గుడి గంట, నీటిమీదినుండి వచ్చు గాలి, బండరాళ్ళ నీడ, ఇవియే ఉద్యానము. షోన్‌బ్రున్ తోటలో నీరు రాజుల విలాసమునకై ఎగసిపడును. కాకతీయుల చెరువులో నీరు తూముగుండ దిగి వరిమడిని చేరును. రెండును అందమైనవే, కాని నా హృదయము ఈ రెండవదానియందే నిలుచును.

ఆ చెరువుల సౌందర్యము చూడవలెనన్నచో నగరము విడిచి పోవలెను. ఈశాన్యమున సుమారు డెబ్బది కిలోమీటర్ల దూరమున పాలంపేటలో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడిని, చెరువును జంటగ నిర్మించెను. ఆ రామప్ప గుడి 2021 జూలైలో యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికకు ఎక్కినది. నీటిమీద తేలునంత తేలికైన ఇటుకలతో లేచిన శిఖరము, ఎర్రరాతి గోడలు, చూరుక్రింద ఒయ్యారముగ ఒరిగిన నల్లరాతి మదనికలు, వీనిని గూర్చి వ్రాసినవారు చాలమంది కలరు. ఒక్క మాట చెప్పుదును: గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయప సేనాని 1253, 54 నాడు రచించిన నృత్తరత్నావళిని, ఈ గుడి నర్తకీశిల్పములను పక్కపక్కన నుంచుకొని నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యమునకు మరల ప్రాణము పోసిరి. రాతిలో నిలిచిపోయిన అడుగును మనుష్యుని కాలికి తిరిగి నేర్పిన ఆ కార్యము, ఏ ప్రాసాదపు జీర్ణోద్ధరణకును తీసిపోదు.

నర్సంపేట దారిని పట్టిన పాకాల చెరువు పదుమూడవ శతాబ్దపు ఆదిని, మంత్రి బయ్యన నాయకుని కుమారుడు జగదాల ముమ్మడి కట్టించినది. రెండు కొండల నడుమ కట్ట వేసి, ముప్పది చదరపు కిలోమీటర్ల నీటిని నిలిపిరి; చుట్టును 1952లో అభయారణ్యముగ ప్రకటించిన అడవి. చలికాలమున, కాజీపేట జంక్షనులో గాని వరంగల్లు స్టేషనులో గాని తెల్లవారక ముందే దిగి, మొదటి దినము కోటకు, రెండవ దినము అనుమకొండకు, మూడవ దినము ఈ చెరువులకు కేటాయించుకొన్నవారు తొందరపడక చూడగలరు. పాకాల కట్ట దగ్గర తినుబండారము దొరకుట అరుదు, చద్ది కట్టుకొని పోవలెను. కట్టమీద నిలిచి నీటిని చూచిన తరువాత, వెనుకకు తిరిగి కట్ట దిగువ నున్న పొలములను కూడ చూడుడు; వానాకాలపు పంటకు తూములు తెరచునాడు, ముమ్మడి నిలిపిన నీరు ఇప్పటికిని ఆ పొలములకే పోవుచున్నది.